అభ్యంతరం లేదు

కింద గేటు దగ్గర ఆ సెక్యూరిటీ వాడు నన్నెంతసేపు నిలబెట్టాడో తెలుసా దాదా? పేషెంటుకి మీరేమవుతారు అంటాడు. ఏం చెప్పను? ఆఫీసు అన్నాను. ఆఫీసు వాళ్ళకి పాస్ ఇవ్వరట. చివరికి వాడే విసుగొచ్చి, రిజిస్టర్లో 'చెల్లెలు' అని రాసుకుని వదిలాడు. ఇరవై నాలుగేళ్ళు ఒకే ఓడల యార్డులో పనిచేస్తే ఇవాళ్టికి చుట్టరికం కలిసింది మనకి.

లేవకండి, లేవకండి. తుంటికి రాడ్డు వేశారట కదా, వదిన చెప్పింది. మాట్లాడాలనీ చూడకండి. దవడకి తీగలు కట్టిన మనిషి ఆరు వారాలదాకా నోరు మెదపకూడదు. పలక ఉందిగా. అది కూడా కాసేపు పక్కన పెట్టండి.

మసూర్ పప్పు నీళ్ళు తెచ్చాను, వడగట్టి. తరవాతా? సరే, ఇక్కడ పెడతాను.

వదినని కిందకి వెళ్ళి టీ తాగి రమ్మన్నాను. కావాలనే పంపాను. ఆవిడ ముందు నేను చెప్పలేను.

రాహా సాహెబ్ వచ్చి వెళ్ళారట నిన్న, యార్డు డైరెక్టరే స్వయంగా. యాపిల్ పళ్ళు తెచ్చారట. దవడ కట్టేసిన మనిషికి యాపిల్స్! ఆయన తీరే అంత. కాగితం కూడా చదివి వినిపించారట కదా. 'భవతోష్ మండల్, రిగ్గింగ్ ఫోర్‌మన్, వయసు యాభై తొమ్మిది. ఓడ మలుపు తిరిగే సమయంలో చేతి కమ్మీ పట్టుకోనందున జారిపడి గాయపడినాడు.' అదేనా? నాకు కంఠతా వచ్చేసింది. తొమ్మిది రోజులుగా నా బల్ల మీదే ఉంది అసలు కాగితం.

మీరు దానికి తలూపారట. తప్పు నాదే అని పలక మీద రాశారట. వదిన ఏడుస్తూ చెప్పింది నాకు. ఇన్నేళ్ళ అనుభవం ఉండి అలా ఎలా నిలబడ్డారీయన అని మిమ్మల్నే తిడుతోంది పాపం.

కమ్మీ పట్టుకుంటే ఏమయ్యేది? చెయ్యి కూడా విరిగేది.

మీ తప్పు కాదు దాదా. అది చెప్పడానికే వచ్చాను. మధ్యలో ఏమీ రాయకండి. రాస్తే నేను ఆగుతాను, ఆగితే మళ్ళీ ఎత్తుకోలేను.

మీకు తాళ్ళు తెలుసు, క్రేన్లు తెలుసు. పైన నాలుగో అంతస్తులో, డిజైన్ ఆఫీసులో, మేం ఏం చేశామో మీకు తెలీదు కదా. అక్కడినుంచి చెప్పాలి.

నౌకాదళానికి కట్టే ఈ ఓడ బొమ్మ సగం కూడా గీయకముందే ధర ఖాయం చేశారు. అలాంటి ఓడ మనం ఇంతకు ముందు కట్టలేదు. మనమే కాదు, ఈ నది ఒడ్డున ఎవరూ కట్టలేదు. అయినా ఇంతకి కట్టిస్తాం, ఇన్ని నెలల్లో కట్టిస్తాం, ఇంత వేగంతో వెళ్తుంది, వేగం ఒక్కొక్క అర నాట్ తగ్గితే ఇంత జరిమానా అని రాసిచ్చేశారు. రెండేళ్ళుగా యార్డుకి కొత్త ఆర్డరు లేదు మరి. ఆ రోజుల్లో మీ షెడ్డులో సగంమంది పేకాడుతూ కూచునేవారు, గుర్తుందా? రాహా సాహెబ్ అప్పుడు బక్కచిక్కిపోయారు. ఆయన్ని తిట్టడానికి నాకు నోరు రాదు. ఆయన స్థానంలో ఎవరున్నా ఆ కాగితం మీద సంతకం పెట్టేవారే.

సంతకం అయ్యాక రిస్కుల జాబితా వేయించారు. ఏమేం తప్పు జరగచ్చు, జరిగితే ఎంత ఖర్చు, ఎన్ని నెలలు ఆలస్యం. అరవై మూడు అంశాలు. ఒక్కొక్కదానికి రంగు వెయ్యాలి. ఎరుపైతే ప్రమాదం, పసుపైతే జాగ్రత్త, ఆకుపచ్చైతే దిగుల్లేదు. గేర్ బాక్సు వాళ్ళు ఒకటి రాశారు, రాడార్ వాళ్ళు ఒకటి రాశారు. నా వంతుకి నేను రాసింది ఒకటే. 'ఓడ బరువు పెరుగుతుంది. పెరిగే బరువంతా పైభాగంలోనే పెరుగుతుంది.' ఎర్ర రంగు వేశాను.

అంటే ఏమిటంటారా? మీకు నేను చెప్పాలా! నెత్తిన మూట పెట్టుకుని పడవలో నిలబడిన మనిషిని చూశారుగా. అంతే. బరువు కింద ఉంటే ఓడ ఒరిగినా లేచి నిలబడుతుంది. పైన ఉంటే, లేవాలా వద్దా అని ఆలోచిస్తుంది.

మూడు నెలలు టైమివ్వండి, పదకొండు కోట్లు ఇవ్వండి అన్నాను. ఓడ వెడల్పు రెండు జానలు పెంచుతాను, రాడార్ స్తంభం తేలిక లోహంతో మళ్ళీ గీయిస్తాను అన్నాను. కాగితం మీద ఉన్నప్పుడు చెరిపి గీయడం సులువు కదా, ఉక్కు కోశాక ఎవరి తరం?

రాహా సాహెబ్ నన్ను గదిలోకి పిలిచి, తలుపు వేసి, కుర్చీ వేసి కూచోబెట్టారు. గొంతు పెంచలేదు. "ఎరుపు చూస్తే ఢిల్లీలో మీటింగు అక్కడితో ఆగిపోతుంది ఇంద్రాణీ. పసుపైతే చర్చిస్తారు. ఆకుపచ్చ వెయ్యమని నేను అనడం లేదుగా," అన్నారు.

పసుపు చేశాను.

ఆ ఒక్క రంగేగా అనుకున్నాను. నూట పది టన్నుల జాగా విడిగా అట్టిపెట్టానుగా, పెరిగే బరువు కోసం. జాగ్రత్తగా వాడుకుంటే చాలుతుందిలే అనుకున్నాను.

ఎవరు జాగ్రత్త పడ్డారు? నౌకాదళం వాళ్ళు మధ్యలో రాడార్ మార్చారు. కొత్తది ఇంకా మంచిదట, ఇంకా బరువు, పైగా స్తంభం కొసన. స్టీలు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రేకులు చెప్పినదానికన్నా వెంట్రుక వాసి మందం. ఒక్క రేకు చూస్తే ఏమీ కాదు, కొన్ని వేల రేకులు కలిస్తే పంతొమ్మిది టన్నులు. రంగు బరువుంటుందని ఎవరూ ఒప్పుకోరు. మూడు పూతలు అన్నచోట ఐదు పూతలు వేశారు. కేబుళ్ళు సరే సరి. ఒకళ్ళు వేసినవి పనికిరావని ఇంకొకళ్ళు కొత్తవి లాగారు, పాతవి తీయలేదు. పెళ్ళివారింట్లో నెయ్యి డబ్బాలాగా అయింది నా నూట పది టన్నులు. వచ్చినవాడల్లా గరిటె ముంచాడు.

అప్పుడేగా గాంగ్‌వే దగ్గర తూకం పెట్టించాను. ఓడ ఎక్కే ప్రతి వస్తువూ తూచాకే ఎక్కాలని. అందరూ నవ్వారు. ఇంజనీర్లే నవ్వారు. మీరొక్కరే నవ్వలేదు. స్టూలు వేసుకుని ఆ తూకం పక్కన కూచున్నారు, పదకొండు నెలలు. మీ కుర్రాళ్ళు మరమరాల పొట్లం తెచ్చి తూకం మీద పెట్టి, 'ఇది కూడా రాయండి మండల్ దా' అని ఎగతాళి చేస్తే, మీరు నిజంగానే రాశారు. రెండు వందల గ్రాములు. ఆ పేజీ నా దగ్గర ఇంకా ఉంది. తిన్నాక బయటికి ఎంత వచ్చిందో రాయలేదేం అని నేనడిగితే, నవ్వి మీసం తుడుచుకున్నారు.

నవ్వకండి, కుట్లు లాగుతాయి.

సరే. వాలు పరీక్ష. ఆ రోజుది చెప్పాలి.

మీకు గుర్తుండే ఉంటుంది గానీ నా వైపు నుంచి ఒకసారి వినండి. పొద్దున్న ఆరున్నర. గాలి లేదు. బేసిన్‌లో నీళ్ళు నూనెలా ఉన్నాయి. ఓడ మీద పదకొండుమందిమి తప్ప ఎవరూ లేరు. ఇనప దిమ్మలు మీవాళ్ళు ట్రాలీ మీద ఎడమ పక్కకి తొయ్యాలి, ఓడ ఎంత వాలిందో నేను కొలవాలి. తరవాత కుడి పక్కకి. మళ్ళీ ఎడమకి. పైనుంచి తీగకి గుండు వేలాడదీసి, కింద నూనె తొట్టిలో ముంచి, పక్కన స్కేలు పెట్టి. ఇంత పెద్ద యుద్ధనౌకకి జాతకం చెప్పేది ఆ గుండే. తాపీమేస్త్రీ దగ్గరుండే గుండులాంటిదే.

ఎడమకి తోశారు. గుండు నేననుకున్నదానికన్నా ఎక్కువ జరిగింది. బాగా ఎక్కువ. వంగి స్కేలు మళ్ళీ చదివాను, అదే.

కుడికి తోశారు. ఈసారి తక్కువ జరిగింది. ఆహా, బానే ఉంది అనిపించేలా జరిగింది. రెండూ కలిపి సగటు తీస్తే పరీక్ష పాసు. అంచు మీద పాసు, అయినా పాసే.

ఎడమకీ కుడికీ తేడా ఎందుకుంటుంది? ఉండకూడదు. ఓడని ఏదో పట్టుకుని ఉంటేనే ఉంటుంది.

అప్పుడే మీరు వచ్చారు నా పక్కకి. ఎవరికీ వినపడకుండా, "దీదీ, ఎడమ పక్క వెనక తాడు బిగిసింది. ఓడని కుడికి వాలనివ్వడం లేదు. వదులు చేయించి మళ్ళీ చేద్దాం," అన్నారు.

నేను వాచీ చూసుకున్నాను. ఏడూ ఇరవై. గాలి అప్పుడే లేస్తోంది. ఆపితే ఇంక ఆ రోజుకి లేదు. రెండో ఓడా మూడో ఓడా ఖాయం చేసే మీటింగు ఢిల్లీలో మర్నాడే. రాహా సాహెబ్ విమానం టికెట్టు జేబులో పెట్టుకుని జెట్టీ మీద నిలబడి ఉన్నారు. నౌకాదళం తరఫున కమాండర్ కోశీ నా వెనకాలే, పుస్తకంలో రాసుకుంటూ.

"చూశాను దాదా. లెక్కలో సర్దుతాను," అన్నాను మీతో.

మీరు నా మొహంలోకి చూశారు. ఆ చూపు నాకు తెలుసు. తరవాత పరీక్ష ఫారం మీ ముందు పెట్టాను. 'తాళ్ళన్నీ వదులుగా ఉన్నవి.' మీరు సంతకం పెట్టారు. చదవకుండా పెట్టలేదు. చదివారు. ఒక్కసారి తాడువైపు చూశారు. పెట్టారు.

ఎందుకు పెట్టారని నేను అడగను. దీదీ సర్దుతానంది కదా, సర్దుతుంది అనుకున్నారు. నా మాట మీద పెట్టారు.

ఏం సర్దాను నేను? చెబుతున్నాను. అదే చెప్పడానికి వచ్చింది.

ఆ ఎడమ వైపు లెక్క ఒక్కటే తీసుకుని ఇంట్లో కూచుని కట్టాను. నాలుగుసార్లు కట్టాను. ఓడ అనుకున్నదానికన్నా ఎనభై ఆరు టన్నులు ఎక్కువ బరువు. ఆ బరువు పైకి ఎక్కి కూచుంది. బాగుచెయ్యాలంటే అడుగున ఇనుము పొయ్యాలి, వంద టన్నుల దాకా. పోస్తే వేగం తగ్గుతుంది. తగ్గితే జరిమానా. జరిమానా కడితే ఈ ఓడలో యార్డుకి మిగిలేదేమీ లేదు.

మరి నేను ఏం చేశానంటే, ఇంకో ఉపాయం చేశాను. అడుగు ట్యాంకుల్లో ఇంధనం నిండుగా ఉన్నంతసేపూ ఆ బరువు కిందే ఉంటుంది కదా. ఓడ నిలబడుతుంది. సముద్రంలో పరీక్షలు నాలుగు రోజులు. జోరుగా మలుపు తిరిగే పరీక్ష మొదటి రోజే పెట్టించాను, ట్యాంకులు నిండుగా ఉన్నప్పుడు. ఆ తరవాత తీరిగ్గా, మరమ్మతులప్పుడు, ఏదో ఒక పేరు పెట్టి అడుగున కొంచెం కొంచెం ఇనుము వేయించేద్దాం అనుకున్నాను. ఎవరి ఉద్యోగం పోదు, ఎవరి పేరూ చెడదు. చాలా తెలివైనదాన్ని అనుకున్నాను దాదా నన్ను నేను.

ఓడ నదిలోంచి సముద్రానికి దిగుతున్నప్పుడు మీరు వెనక డెక్ మీద కూచుని బీడీ కాలుస్తూ ఒడ్డు మీద పిల్లలకి చెయ్యి ఊపుతున్నారు. పైనుంచి చూశాను మిమ్మల్ని. నాకు నిశ్చింతగానే ఉంది అప్పటికి.

మొదటి రోజు ఇంజను కూలింగు పంపు పోయింది. మలుపు పరీక్ష రెండో రోజుకి అన్నారు. రెండో రోజు పంపు బాగయింది గానీ స్టీరింగు నూనె కారింది. మూడో రోజు వేగం పరీక్ష ముందు కానివ్వండి అన్నారు. మూడు రోజులూ ఇంధనం మండుతూనే ఉంది. నేను పూటపూటకీ వెళ్ళి ట్యాంకు కొలతలు చూసుకునేదాన్ని. నూట నలభై టన్నులు. నూట ఐదు. డెబ్బై ఎనిమిది. నాలుగో రోజు పొద్దున్నకి నలభై తొమ్మిది.

అన్నం సయించలేదు. పక్క కేబిన్లో వాళ్ళు సముద్రం పడలేదనుకున్నారు.

ఖాళీ అయిన ట్యాంకుల్లో ఉప్పునీళ్ళు నింపమని చెప్పచ్చు. ఒక్క మాట. ఎందుకు అని అడుగుతారు. అక్కడే ఆగిపోయాను. ఎందుకు అంటే, తాడు గురించి చెప్పాలి.

నాలుగో రోజు పదిగంటలకి. ఎండగా ఉంది, సముద్రం పలక పరిచినట్టు ఉంది. నేను పైన ఓడ నడిపే బ్రిడ్జిలో, కుడి పక్క కిటికీ అద్దం దగ్గర నిలబడ్డాను. కమాండర్ కోశీ కెప్టెన్‌తో మాట్లాడి, నా వైపు తిరిగారు. మర్యాద గల మనిషి. పద్ధతి ప్రకారం అడగాలి కనక అడిగారు.

"మిసెస్ పాలిత్, పూర్తి వేగంతో మలుపు మొదలుపెడుతున్నాం. మీ వైపునుంచి అభ్యంతరం ఏమైనా ఉందా?"

ఆయన అడిగి, ఆగారు. ఊరికే అడిగి వెళ్ళిపోలేదు, నా జవాబు కోసం ఆగారు. ఎంతసేపు? మూడు సెకన్లు ఉంటుందేమో. ఆ మూడు సెకన్లలో నాకు అన్నీ తెలుసు. నలభై తొమ్మిది టన్నులు తెలుసు, ఎనభై ఆరు టన్నులు తెలుసు, బిగిసిన తాడు తెలుసు. మొత్తం ఆ ఓడ మీద ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్ని.

"లేదు," అన్నాను.

అంతే. అదీ నేను చేసింది.

చుక్కాని పూర్తిగా తిప్పారు. పది డిగ్రీలు ఒరుగుతుందని నా కాగితం చెప్పింది. ఎదురుగా గోడకి ముల్లు ఉంటుంది చూడండి, ఒరుగు చూపించేది, దాన్నే చూస్తున్నాను. పది దాటింది. పదమూడు. పదహారు. ఎవరిదో టీ కప్పు బల్ల మీదనుంచి జారి పగిలింది. పంతొమ్మిది. కెప్టెన్ ఏదో అరిచాడు. చుక్కాని ఒక్కసారిగా వెనక్కి తిప్పెయ్యడానికి లేదు, తిప్పితే ఇంకా ఒరుగుతుంది, వేగం తగ్గించాలి ముందు. ఇరవై రెండు. ఇరవై మూడు.

అక్కడ ఆగింది. లేవడం లేదు. పడడమూ లేదు. ముప్పై నాలుగు దగ్గర గాలిగొట్టాల మూతుల్లోకి నీళ్ళు వస్తాయి, అది నా లెక్కే, నేనే కట్టాను. నూట డెబ్బైమంది ఉన్నారు ఓడ మీద. అద్దంలోంచి కింద చూస్తే నీళ్ళు, నీళ్ళే. ఆకాశం లేదు.

దేవుణ్ణి తలుచుకున్నావా అని మా అక్క అడిగింది మొన్న. లేదు. ఇరవై మూడు, ఇరవై మూడు, ఇరవై మూడు అని ముల్లునే చదువుతున్నాను, ఇరవై నాలుగు అనకుండా ఉంటే అది అవదన్నట్టు.

తరవాత మెల్లిగా లేచింది. ఓపిక లేని ముసలమ్మ మంచం మీంచి లేచినట్టు లేచింది.

కమాండర్ కోశీ నా వైపు చూశారు. "ఇది మీ లెక్కలో ఉందా?" అన్నారు. అంతలో వెనక డెక్ నుంచి ఫోను మోగింది. మండల్ దా పడిపోయారు, అటు గోడ నుంచి ఇటు గోడకి వచ్చి తాళ్ళ గుంజకి కొట్టుకున్నారు, మొహమంతా రక్తం, స్పృహ లేదు అని.

నేను కిందకి పరుగెత్తాను కదా. మీకు తెలీదు, మీకు స్పృహ లేదు. మిమ్మల్ని ముగ్గురు ఎత్తి పట్టుకున్నారు. మీ పళ్ళు రెండు డెక్ మీద ఉన్నాయి. నేను ఏరి జేబురుమాల్లో కట్టాను. ఎందుకో తెలీదు. అవి నా సంచీలోనే ఉన్నాయి ఇప్పుడు కూడా. ఇవ్వమంటే ఇస్తాను.

కళ్ళు మూసుకున్నారేం? నొప్పా? నర్సుని పిలవనా?

వద్దా. సరే.

తొమ్మిది రోజులు దాదా. రోజూ ఆఫీసుకి వెళ్ళాను, రోజూ ఆ కాగితం బల్ల మీద. సాంకేతిక లోపం ఏమీ లేదని నేను కింద సంతకం పెట్టాలి, అప్పుడు విచారణ ముగుస్తుంది. రాహా సాహెబ్ రోజుకోసారి వచ్చి, 'తొందరేం లేదు ఇంద్రాణీ' అని వెళ్ళేవారు. మలుపు పరీక్షలో ఉండే కుదుపేగా, మొదటి ఓడకి ఇలాంటివి సహజమేగా అనుకుంటే పోయేది. అడుగున ఇనుము చడీచప్పుడు లేకుండా వేయించడానికి ఆయన ఏర్పాటు చేసేశారు కూడా. అంటే ఆయనకి అర్థమైందన్నమాట. అడగలేదు నన్ను. అర్థమైనట్టు కనపడకుండా అర్థం చేసుకున్నారు.

ఇవాళ రెండు గంటలకి నౌకాదళం ఆఫీసుకి వెళ్ళి కమాండర్ కోశీకి నా చేత్తో రాసిన నాలుగు పేజీలు ఇచ్చి వచ్చాను. వాలు పరీక్ష నాటి అసలు కొలతలు, ఎడమవీ కుడివీ విడివిడిగా. తాడు సంగతి. ట్యాంకుల సంగతి. అభ్యంతరం ఉందా అని ఆయన అడిగితే నేను తెలిసి లేదన్నానని. అది చదువుతున్నప్పుడు ఆయన తల ఎత్తలేదు. 'కూర్చోండి' అని కూడా అనలేదు.

రాహా సాహెబ్‌కి నకలు నేనే ఇచ్చాను. చాటుగా చేశాననుకోకూడదని. ఆయన చదివారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. కోప్పడతారనుకున్నాను. "పదకొండు కోట్లడిగావు ఆ రోజు," అన్నారు. "ఇప్పుడు నూట తొంభై అవుతుంది, పది నెలలు పడుతుంది. అది సరే. రెండో ఓడ, మూడో ఓడ పోయాయి ఇంద్రాణీ. ఆ షెడ్డులో ఆరు వందలమంది కాంట్రాక్టు వాళ్ళున్నారు. వాళ్ళకి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

బయటికి వచ్చేశాను.

నన్ను సస్పెండ్ చేస్తారు, రేపో ఎల్లుండో. అది నాకు పెద్ద విషయం కాదు అంటే నమ్మకండి, పెద్ద విషయమే. ఫ్లాట్ అప్పు ఇంకా ఏడేళ్ళుంది. కానీ అది నేను చేసుకున్నది.

మీ సంగతి వేరు. ఆ ఫారం మీద మీ సంతకం ఉంది. ముందే హెచ్చరించారనీ, నా మాట మీద పెట్టారనీ రాశాను. రెండుసార్లు రాశాను, కింద గీత గీశాను. అయినా మిమ్మల్ని అడుగుతారు. నేను నోరు మూసుకుని ఉంటే, తప్పు మీ పేరున ఉండేది, పింఛను భద్రంగా ఉండేది. ఇప్పుడు తప్పు నా పేరున, మీ పింఛను ఏమవుతుందో నాకు తెలీదు. రిటైర్మెంటు ఐదు నెలల్లో పెట్టుకుని. మిమ్మల్ని అడిగి చెయ్యాల్సింది. అడిగితే వద్దంటారని అడగలేదు. అందుకే ఇచ్చేశాక వచ్చాను.

వదినకి మీరే చెప్పాలి, ఎలాగో.

ఏమిటి? పలక కావాలా? ఇదిగో. నేను పట్టుకుంటాను, మీరు రాయండి. నెమ్మదిగా. తొందర లేదు, చూడ్డానికొచ్చినవాళ్ళని వెళ్ళమనే గంట ఇంకా కొట్టలేదు.

'నేను... కాక...' ఆఁ. '...ఇంకెవరైనా పడితే?'

ఇదా అడిగేది. ఇంత చెబితే, దీన్ని పట్టుకున్నారా.

అవునులెండి. మీరు అడిగేవారే.

ఏదో ఒకటి చెప్పచ్చు మీకు. ఎవరు పడినా ఇదే చేసేదాన్ని దాదా అనచ్చు. మీరు నమ్ముతారు కూడా. ఓసారి నమ్మారుగా.

ఆ రోజు వెనక డెక్ మీద మీతో ముగ్గురు కాంట్రాక్టు వాళ్ళున్నారు. మిమ్మల్ని ఎత్తి పట్టుకున్నవాళ్ళే. వాళ్ళ పేర్లేమిటో నేను ఇవాళ్టికీ కనుక్కోలేదు. వాళ్ళలో ఒకడి దవడ విరిగి ఉంటే ఆ కాగితం నా బల్ల మీద తొమ్మిది రోజులు ఉండేది కాదు. మొదటి రోజే సంతకం పెట్టేదాన్ని. పెట్టి, ఓడ మళ్ళీ సముద్రంలోకి వెళ్తుంటే జెట్టీ మీద నిలబడి అందరితో పాటు చూసేదాన్ని. తరవాత కేంటీన్‌కి వెళ్ళి భోంచేసేదాన్ని దాదా. ఆ రోజు చేపల పులుసు బావుంటే, ఇంకో ముక్క వెయ్యమనేదాన్ని.